ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్: ఎక్కడ తప్పు కెమెరాది, ఎక్కడ మనది

సద్దుల బతుకమ్మ తెల్లారి మా మేనల్లుడు కెమెరా తెచ్చి నా ముందు పెట్టాడు. "మామా, దీనికన్న నా ఫోనే నయముంది గదా, అమ్మేద్దామా?" అన్నాడు. అది 2018లో వచ్చిన కానన్ 1500డీ, 24 మెగాపిక్సెల్. హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర రెండు వందల ఫొటోలు తీస్తే పనికొచ్చినవి పదో పదిహేనో. అమ్మొద్దన్నాను. ఎంట్రీ లెవెల్, అంటే కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనే ఈ తరగతి కెమెరాల్లో అసలు లోపాలు రెండు మూడే ఉంటాయి, మిగతావి మన సెట్టింగులు చేసే గోల.

సాయంత్రం తీసినవన్నీ అలికినట్టు వస్తున్నాయి

ఫొటోను పెద్దది చేసి వెనక గోడను చూడండి. గోడ కూడా చెదిరితే మీ చేయి కదిలింది. గోడ బాగానే ఉండి ఆడుతున్న వాళ్లే చెదిరితే వాళ్ల వేగానికి షట్టర్ (వెలుతురును లోపలికి వదిలే తలుపు) వేగం సరిపోలేదు. రెండింటికీ మూలం ఒకటే: చీకటి పడేసరికి ఆటో మోడ్ షట్టర్‌ను సెకనులో 15వ వంతు దాకా దించేస్తుంది.

కెమెరాతో వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్ అసలు బలహీనత ఇక్కడే బయటపడుతుంది. 55 దాకా జూమ్ చేస్తే అది ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు). అందుకే జూమ్ మానేసి 18 దగ్గర పెట్టి, మీరే నాలుగడుగులు ముందుకు వెళ్లండి. డయల్‌ను షట్టర్ వేగం మనమే పెట్టుకునే టీవీ (Tv) గుర్తు మీదికి తిప్పి (నికాన్‌లో ఎస్) షట్టర్ 1/125, ఐఎస్ఓ (తక్కువ వెలుతురులోనూ ఫొటో వెలిగేలా పెంచే సెట్టింగు) 3200 పెట్టండి. ఫొటోలో నూక చల్లినట్టు నాయిస్ కనిపిస్తుంది. కనిపించనివ్వండి. దాన్ని తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిన మొహాన్ని సరిచేయడం మాత్రం కష్టం.

కాస్త ఖర్చు పెట్టగలిగితే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కొనండి. 5.6తో పోలిస్తే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. కాకపోతే చిన్న సెన్సర్ (ఫొటోను పట్టే చిప్) వల్ల ఈ కెమెరా మీద అది 80 ఎంఎంలా, అంటే ఇంకాస్త జూమ్ చేసినట్టు పనిచేస్తుంది. ఒకరిద్దరి మొహాలకు బంగారంలాంటి లెన్స్, బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లందరినీ ఒక్క ఫొటోలో పట్టాలంటే మాత్రం చాలా వెనక్కి పోవాలి.

మరి ఫోన్‌లో ఎలా బాగొచ్చింది? ఫోన్ చీకట్లో నాలుగైదు ఫొటోలు తీసి కలిపేస్తుంది. డీఎస్ఎల్ఆర్ ఒక్కటే తీసి మన చేతిలో పెడుతుంది.

రామప్పలో నల్లరాతి బొమ్మ బూడిదరంగులో వచ్చింది

ఇది లోపం కాదు, కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ స్వభావం. ఎదురుగా ఏమున్నా అది మధ్యరకం బూడిదరంగేనని మీటర్ అనుకుంటుంది. ఫ్రేమ్ నిండా నల్లరాయి ఉంటే చీకటిగా ఉందనుకొని వెలుతురు పెంచేస్తుంది. మదనిక (ఆ గుడి నర్తకి బొమ్మ) నున్నటి నిగనిగ అక్కడే పోతుంది. కెమెరాను ఏవీ లేదా పీ మోడ్‌లో పెట్టి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫొటో వెలుతురును పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 1కి దించండి. పూర్తి ఆటోలో ఇది పనిచేయదు.

కానీ మదనికలు చూరు కింద ఉంటాయి. కింది నుంచి తీస్తే వెనక తెల్లటి ఆకాశం వస్తుంది. అప్పుడు బొమ్మ నీడలా నల్లబడిపోతుంది, మందు కూడా తలకిందులవుతుంది: ప్లస్ 1. ఈ గొడవంతా ఎందుకనుకుంటే రా ఫైల్‌లో (సెన్సర్ పట్టినదాన్ని మార్చకుండా దాచేది) తీయండి, ఇంటికొచ్చి సరిచేసుకోవచ్చు. జేపెగ్‌లో అంత వీలు ఉండదు.

ఫోకస్ పడట్లేదు, బటన్ నొక్కినా క్లిక్ కావట్లేదు

క్లిక్ అవుతున్నా ఫోకస్ పడకపోతే, లెన్స్ పక్కనున్న స్విచ్ ఎంఎఫ్ (చేత్తో ఫోకస్) మీద ఉందేమో ముందు చూడండి. సంచిలో ఒరుసుకొని అదే జరుగుతుంది. క్లిక్ కూడా కాకపోతే దూరం చూడండి: కిట్ లెన్స్‌కు కనీసం 25 సెంటీమీటర్లు కావాలి. మసక వెలుతురైతే మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటే ఎంచుకోండి. 1500డీలో తొమ్మిది, నికాన్ డీ3500లో పదకొండు పాయింట్లు ఉన్నా గట్టిది ఆ మధ్యదే.

నికాన్ వాళ్లకు ఇంకో మాట. నేను ఒక దుకాణంలో చవకగా వస్తోందని పాత 50 ఎంఎం డీ రకం లెన్స్ కొన్నాను. ఇంటికొచ్చి పెడితే ఆటోఫోకస్ లేదు. డీ3500 బాడీలో ఫోకస్ మోటార్ ఉండదు, లెన్స్‌లోనే ఉండాలి. దుకాణదారు చెప్పలేదు, నేను అడగలేదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని ఉందో లేదో చదవండి.

ఆకాశంలో నల్ల చుక్కలు

మేడారం జాతరకు వెళ్లొచ్చాక ఈ ఫిర్యాదు ఎక్కువ. ఆ దుమ్ములో లెన్స్ మారిస్తే సెన్సర్ మీద ధూళి కూర్చుంటుంది. ఎఫ్/16లో ఆకాశాన్ని రెండు మూడు సార్లు తీయండి. ప్రతి ఫొటోలో చుక్క అదే చోట ఉంటే అది సెన్సర్ మీదిదే. వ్యూఫైండర్‌లో కనిపించి ఫొటోలో లేకపోతే వదిలేయండి, హాని లేదు.

బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు మెనూలో మాన్యువల్ క్లీనింగ్ ఎంచుకొని, కెమెరా మూతిని నేలకు వంచి, రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. నోటితో మాత్రం ఊదొద్దు, తుంపర పడితే చుక్క మరకవుతుంది. అయినా పోకపోతే సర్వీసుకు ఇవ్వడమే.

వీడియోలో ఫోకస్ వెతుక్కుంటోంది, మాట వినబడట్లేదు

దీనికి మాత్రం మందు లేదు. 1500డీలో స్క్రీన్ చూస్తూ తీసేటప్పుడు ఆటోఫోకస్ నెమ్మది, బయటి మైక్ పెట్టుకునే రంధ్రమూ లేదు. డీ3500లోనూ మైక్ రంధ్రం లేదు. ఫోకస్ చేత్తో తిప్పుకొని, మాటను వేరే ఫోన్‌లో రికార్డు చేసి కలుపుకోవచ్చు. అంత ఓపిక లేకపోతే ఈ ఒక్క పనికి మా మేనల్లుడి ఫోనే నయం.