పోర్ట్రెయిట్లు తీస్తూ క్లాసులు కూడా చెప్పాలనుకుంటే, ముందు కెమెరా ఎదుటి కుర్చీలో మీరు కూర్చోండి

నాలుగైదేళ్లు పోర్ట్రెయిట్లు, అంటే మనుషుల ముఖాల ఫొటోలు, తీశాక చాలామందికి ఫొటోగ్రఫీ క్లాసులు చెబుదామన్న ఆలోచన వస్తుంది. మంచిదే, కానీ తీయడం వచ్చినవాళ్లందరికీ చెప్పడం రాదు. నాకు ఆ సంగతి మొదటి బ్యాచ్ మొదటి గంటలోనే తెలిసొచ్చింది. "లైటు కొంచెం అటు జరుపు" అన్నాను. "ఎంత జరపాలి మేడం, ఎందుకు?" అని అడిగింది ఒకమ్మాయి. ఏళ్ల తరబడి చెయ్యి దానంతటదే చేసేస్తున్న పని అది, నోటికొచ్చేసరికి ఒక్క మాటా దొరకలేదు.

కాబట్టి క్లాసు ప్రకటించే ముందు ఒక నెలపాటు, ప్రతి షూట్ అయ్యాక ఆ రాత్రే, మీరు చేసిన చిన్న చిన్న మార్పులన్నీ కారణంతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి: "ముక్కు నీడ గీత గీసినట్టు పడుతోంది, అందుకని సాఫ్ట్‌బాక్స్ (లైటుకు తొడిగే, వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె) రెండడుగులు దగ్గరికి తెచ్చాను" అన్నట్టు. సిలబస్ కోసం వేరే ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు, నెల తిరిగేసరికి అది ఆ పుస్తకంలోనే ఉంటుంది.

మొదటి క్లాసులో కెమెరా పాఠం పెట్టకండి. ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా ఇంకొకరిని కెమెరాతో నిలబెట్టి, ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఫొటోలు తీయించండి. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకరు, నవ్వు బిగుసుకుపోయి ఒకరు, "నేను బాగా రావట్లేదేమో" అని టెన్షన్ పడుతూ ఒకరు, అందరూ నలిగిపోతారు. ఆ ఐదు నిమిషాలు అనుభవించినవాళ్లు కెమెరా వెనక నిలబడి మౌనంగా తీయడం మానేస్తారు, నేను గంట లెక్చరిచ్చినా అంత పని జరగదు.

తర్వాత ఏం మాట్లాడాలో నేర్పండి. "సహజంగా ఉండండి" అన్నంత పనికిరాని మాట మా వృత్తిలో ఇంకోటి లేదు. కుర్చీలో ఉన్నవాళ్లకు చేయగలిగే పని ఒకటి చెప్పాలి: "భుజం కిటికీ వైపు తిప్పండి. గడ్డం ముందుకు తీసుకురండి, ఇప్పుడు కొంచెం కిందికి. ఊపిరి వదిలేయండి." గడ్డం ముందుకు పెడితే వాళ్లకు తాబేలు మెడ చాచినట్టు ఇబ్బందిగా ఉంటుంది గానీ, ఫొటోలో దవడ గీత శుభ్రంగా వస్తుంది. నోటితో చెప్పడం కన్నా మీరే చేసి చూపిస్తే త్వరగా అందుకుంటారు. ఊపిరి వదిలిన మరుక్షణం భుజాలు దిగుతాయి, అప్పుడు నొక్కండి.

లైటింగ్ మొదలుపెట్టేటప్పుడు ఒక్కటే లైటు. రెండో లైటు బ్యాగులోనే ఉండనివ్వండి, ఎంత బతిమాలినా సరే. గొడుగు, సాఫ్ట్‌బాక్స్ ఏమీ లేని చిన్న ఫ్లాష్ ఒకటి తీసుకుని లెక్క చూపించండి: ముఖానికి ఒక మీటరులో ఉన్న లైటును రెండు మీటర్లకు జరిపితే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది, అంటే రెండు స్టాపులు (వెలుగు సగమైన ప్రతిసారీ ఒక స్టాపు). ముఖం లైటుకు ఒక మీటరులో, వెనక గోడ మూడు మీటర్లలో ఉంటే ముఖం మీద పడేదాంట్లో గోడ మీద పడేది తొమ్మిదో వంతే, గోడ తెల్లదైనా బూడిద రంగులోకి దిగిపోతుంది. అదే లైటును వెనక్కి లాగి ముఖానికి నాలుగు మీటర్లు, గోడకు ఆరు మీటర్లు ఉండేలా పెడితే ముఖం మీద పడేదాంట్లో దాదాపు సగం వెలుగు గోడకూ అందుతుంది. గోడ మారలేదు, మనిషి కదల్లేదు, బ్యాక్‌గ్రౌండ్ మాత్రం మారిపోయింది. ఇది కళ్లారా చూసినరోజు క్లాసులో గోల మామూలుగా ఉండదు.

ఇంకో అభ్యాసం నాకు బాగా ఇష్టం. ఏ పోర్ట్రెయిట్ అయినా సరే, కంటిపాప దాకా జూమ్ చేసి అక్కడి మెరుపును చదవమంటాను. చతురస్రంగా ఉంటే కిటికీ గానీ సాఫ్ట్‌బాక్స్ గానీ, గుండ్రంగా ఉంటే బ్యూటీ డిష్ (లైటుకు తగిలించే గుండ్రటి పళ్లెం) లాంటిది, కింద సన్నగా ఇంకో మెరుపుంటే రిఫ్లెక్టర్, అంటే వెలుగును ముఖం మీదికి తిప్పికొట్టే అట్ట. పది ఫొటోలు చదివితే ఎదుటివాళ్ల లైటింగ్ రహస్యం సగం బయటపడుతుంది.

లెన్సుల గొడవ మాత్రం త్వరగా ముగించండి. ముక్కును పెద్దది చేసేది లెన్సు కాదు, మనం నిలబడ్డ దూరం. ఒకే లెన్సుతో అర మీటరు నుంచి ఒకటి, రెండు మీటర్ల నుంచి ఒకటి తీసి, రెండోదాన్ని కత్తిరించి పక్కపక్కన పెడితే వాదన అయిపోతుంది. పోర్ట్రెయిట్లకు పేరున్న 85 ఎంఎం లెన్సు కొనమని ఎవరినీ తొందరపెట్టకండి.

ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు 1941 నాటి చర్చిల్ ఫొటో గురించి అడుగుతారు, ఫొటోగ్రాఫర్ యూసుఫ్ కార్ష్ అప్పటి ఆ బ్రిటన్ ప్రధాని నోట్లో చుట్ట లాగేసి తీసినది. ఆ తెగువే వాళ్లకు కనిపిస్తుంది. ముందురోజు సాయంత్రమే కార్ష్ ఆ గదిలో లైట్లూ కెమెరా సిద్ధం చేసి పెట్టుకున్నారని నేను గుర్తు చేస్తాను. చుట్ట లాగాక చర్చిల్ ముఖం అలా ఉండేది కాసేపే, ఆ కాసేపట్లో లైటు సర్దుకుంటూ కూర్చుంటే ఏమయ్యేది?

క్లయింట్ షూటునూ క్లాసునూ కలపకండి. ముందుగా అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే ఒక్క స్టూడెంట్‌ను తీసుకెళ్లండి, అది కూడా రిఫ్లెక్టర్ పట్టుకోవడానికి, కెమెరా లేకుండా. క్లయింట్ ఫొటోను క్లాసులో చూపించడానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోమన్నారు కదా అని క్లాసుకూ వాడేయడం కుదరదు, ఆ రెండూ వేరు.

మెమరీ కార్డులు కూడా వేరుగా ఉంచండి. ఒకసారి స్టూడెంట్ల ప్రాక్టీసు కోసమని కార్డు తీసిచ్చాను, అబ్బాయి ఫార్మాట్ నొక్కబోతూ "ఇందులో ఎవరివో ఫొటోలున్నాయి మేడం" అన్నాడు. ముందురోజు షూట్ అది, కాపీ కూడా చేయలేదు. తప్పు పూర్తిగా నాదే. ఆ రోజు నుంచి క్లాసు కార్డులకు ఎర్ర స్టిక్కరు, షూట్ ఫైళ్లకు మూడు కాపీలు, అందులో ఒకటి వేరేచోట. అది పూర్తయ్యేదాకా ఏ కార్డూ ఫార్మాట్ చేయను.

వారంలో డెలివరీ ఇవ్వాల్సిన రోజుకు ముందురోజు క్లాసు పెట్టుకోకండి. క్లాసు అయ్యాక గొంతూ బుర్రా రెండూ అలిసిపోతాయి, ఆ రాత్రి చేసిన రీటచింగ్‌లో చర్మం ప్లాస్టిక్‌లా తయారవుతుంది. రెండు వారాల్లో పోయే మొటిమను తీసేయొచ్చు, పుట్టుమచ్చ జోలికి మాత్రం అడగకుండా వెళ్లొద్దు.

స్టూడెంట్ల ఫొటోలు చూసేటప్పుడు "బాగుంది" అనేసి ఊరుకోకండి. అరవై తీసుకొస్తే మూడే ఎంచమనండి, మిగతావి ఎందుకు వదిలేశారో వాళ్లచేతే చెప్పించండి. వాళ్ల ఫొటోలన్నీ మీ ఫొటోల్లా కనిపిస్తుంటే సంతోషపడకండి, నేను కొన్నాళ్లు అలా సంతోషపడి, తర్వాత నాలుక కరుచుకున్నాను.

బ్యాచ్‌కు ఒకసారి మీరూ కుర్చీలో కూర్చుని వాళ్లచేత తీయించుకోండి. పోయిన బ్యాచ్‌లో నన్ను తీస్తున్న అబ్బాయి కెమెరా దించి, "మేడం, మీరు ఊపిరి బిగబట్టారు" అన్నాడు. నిజమే, బిగబట్టాను.