పదమూడేళ్లు ఆగిన ముగింపు: ‘డెడ్‌వుడ్’ సిరీస్‌నీ, సినిమానీ ఎలా చూడాలి?

2019 మే 31న అమెరికా టీవీ ఛానల్ హెచ్‌బీవోలో ‘డెడ్‌వుడ్’ అనే వెస్టర్న్ సిరీస్‌కు ముగింపుగా ‘డెడ్‌వుడ్: ది మూవీ’ వచ్చింది. కొంతమంది అభిమానులు కళ్లు తుడుచుకుంటూ చూశారు. కొంతమంది ‘పదమూడేళ్లు ఆగింది ఈ గంటా యాభై నిమిషాల కోసమా’ అని నిట్టూర్చారు. ఏడ్చినవాళ్లలోనే నిట్టూర్చినవాళ్లూ ఉన్నారు. 2006 ఆగస్టు 27న అర్ధాంతరంగా ఆగిపోయిన కథ మళ్లీ మొదలవుతుందన్న ఆశ మెల్లమెల్లగా వదులుకున్నాక వచ్చిన సినిమా అది. నటులు ముసలివాళ్లయ్యారు, ఒకరిద్దరు పోయారు. చూసేవాళ్ల వయసూ అంతే పెరిగింది.

ఇప్పుడు కొత్తగా చూసేవాళ్లకు ఆ ఎదురుచూపు లేదు. మూడు సీజన్లూ, సినిమా పక్కపక్కనే దొరుకుతాయి. సాయంత్రం చివరి ఎపిసోడ్ పూర్తిచేసి, భోంచేసి, రాత్రికే సినిమా పెట్టేయొచ్చు. అలా చూస్తే మాత్రం ఇది ఇంకో పెద్ద ఎపిసోడ్‌లా అనిపించి ఊరుకుంటుంది. ఈ సినిమాలో సగం బలం గడిచిపోయిన కాలానిది. ఆ కాలాన్ని కొంతైనా మనమే కల్పించుకుని చూడాలి. అందుకు నాకు తెలిసిన పద్ధతి ఇది.

1. సినిమాతో మొదలుపెట్టకండి

సినిమాలో పాతకథ గుర్తుచేసే చిన్న చిన్న ఫ్లాష్‌బ్యాక్‌లు ఉంటాయి కదా, అర్థమైపోతుందిలే అనుకోవద్దు. కథ అర్థమవుతుంది. కానీ ఒక మనిషి ఇంకో మనిషిని చూసి తల ఎందుకు దించుకున్నాడో అర్థం కాదు. ఒక్కోటి 12 ఎపిసోడ్ల చొప్పున మూడు సీజన్లు, మొత్తం 36 చూశాకే సినిమా.

ఎక్కడ దొరుకుతుందన్నది కూడా ముందే చూసుకోండి. మన దేశంలో హెచ్‌బీవో కార్యక్రమాలు హాట్‌స్టార్ నుంచి జియోసినిమాకి, ఆ తర్వాత జియోహాట్‌స్టార్‌కి ఇలా చేతులు మారుతూ వచ్చాయి. సబ్‌స్క్రిప్షన్ కట్టే ముందు పేరు కొట్టి, సిరీస్, సినిమా రెండూ ఉన్నాయో లేదో వెతకండి. ఇంకో మాట: ఇది పెద్దవాళ్ల సిరీస్. బూతులు, నగ్న దృశ్యాలు, హింస ధారాళంగా ఉంటాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది కాదు.

2. ఊరి అసలు కథ ఒక గంట చదవండి

డెడ్‌వుడ్ కల్పిత పట్టణం కాదు. అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో, బ్లాక్ హిల్స్ అనే కొండల మధ్య ఉంది. 1868లో ఫోర్ట్ లారమీ ఒప్పందం ప్రకారం ఆ కొండలు అక్కడి మూలవాసులైన లకోటా ప్రజలవి. 1874లో కస్టర్ అనే అమెరికా సైన్యాధికారి నాయకత్వంలో వెళ్లిన సైనిక దళం అక్కడ బంగారం ఉందని చెప్పింది. ఇంకేముంది, జనం ఎగబడ్డారు. 1876 నాటికి డెడ్‌వుడ్ లోయలో గుడారాలు, సారా కొట్లు, జూదపు బల్లలు వెలిశాయి. ఒప్పందం ప్రకారం ఆ జనం అక్కడ ఉండటమే చట్టవిరుద్ధం. అంటే ఆ ఊళ్లో చట్టం లేదు, కోర్టు లేదు, పోలీసు లేడు. సిరీస్ మొత్తం ఈ ఒక్క పరిస్థితి మీదే నడుస్తుంది: ఏ చట్టమూ లేనిచోట మనుషులు ఒకరితో ఒకరు బతకడం ఎలా నేర్చుకుంటారు?

పాత్రల్లో చాలామంది నిజంగా బతికినవాళ్లే. పేరుమోసిన తుపాకీ వీరుడు వైల్డ్ బిల్ హికాక్‌ను 1876 ఆగస్టు 2న పేకాట ఆడుతుండగా జాక్ మెకాల్ అనేవాడు వెనక నుంచి కాల్చాడు. గని కూలీలు నడిపిన విచారణలో మెకాల్ నిర్దోషిగా బయటపడ్డాడు. చట్టబద్ధం కాని ఊళ్లో జరిగిన విచారణ చెల్లదని మళ్లీ అప్పటి డకోటా ప్రాంత రాజధాని యాంక్టన్‌లో విచారించి 1877 మార్చి 1న ఉరితీశారు. షెరిఫ్ సేథ్ బులక్, సెలూన్ యజమాని ఆల్ స్వేరింజన్, కలామిటీ జేన్, గనుల ఆసామి జార్జ్ హర్స్ట్ అందరూ చరిత్రలో ఉన్నారు. అయితే రచయిత డేవిడ్ మిల్చ్ వాళ్ల పేర్లూ పరిస్థితులూ తీసుకుని స్వేచ్ఛగా కథ అల్లాడు. కాబట్టి సిరీస్‌ను చరిత్ర పాఠంగా నమ్మొద్దు.

ఒక విషయం మాత్రం చదివి తీరాలి, ఎందుకంటే సిరీస్‌లో అది దాదాపు కనిపించదు. ఆ భూమిని లకోటాల దగ్గర అన్యాయంగా లాక్కున్నారని 1980లో అమెరికా సుప్రీంకోర్టే తేల్చి, పది కోట్ల డాలర్లకు పైగా పరిహారాన్ని ఖరారు చేసింది. లకోటాలు ఆ డబ్బు ముట్టలేదు, మా కొండలు మాకు కావాలన్నారు. తెరమీద భూమి కోసం కొట్టుకునే ప్రతి సన్నివేశంలోనూ ఈ సంగతి మనసులో ఉంచుకోండి. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు మౌంట్ రష్‌మోర్ చూడ్డానికి ఎటూ వెళ్తుంటారు. డెడ్‌వుడ్ కూడా ఆ కొండల్లోనే, కారులో వెళ్లొచ్చేంత దూరంలో ఉంది. హికాక్, జేన్‌ల సమాధులు మౌంట్ మొరయా శ్మశానంలో పక్కపక్కనే ఉంటాయి.

3. మొదటి నాలుగు ఎపిసోడ్లకు ఓపిక పట్టండి

వెస్టర్న్ అనగానే గుర్రాలు, తుపాకులు, ఎడారిలో దుమ్ము అనుకుంటాం. ఇక్కడ దుమ్ముకు బదులు బురద. కాల్పులు తక్కువ, బేరసారాలు ఎక్కువ. మొదట్లో పేర్లు కలగాపులగం అవుతాయి. నాలుగో ఎపిసోడ్ అయ్యేదాకా తీర్పు చెప్పకండి, కథ ఎటు పోబోతోందో అక్కడ తెలుస్తుంది.

మొదటి ఎపిసోడ్‌లో తొలి సన్నివేశం మాత్రం శ్రద్ధగా చూడండి. మోంటానాలో మార్షల్‌గా ఉన్న బులక్‌కు అది ఆఖరి రాత్రి. జైల్లో ఉన్న దొంగను చంపేస్తామని తాగిన గుంపు వస్తుంది. బులక్ ఆ దొంగను గుంపుకు అప్పగించడు. జైలు గుమ్మం దగ్గరే చట్టం పేరున తనే ఉరితీస్తాడు. మనిషి ఎలాగూ చనిపోతాడు, కానీ ఎవరి చేతిలో, ఏ పద్ధతిలో అన్నది బులక్‌కు ముఖ్యం. దీన్ని గుర్తుపెట్టుకోండి, సినిమాలో పనికొస్తుంది.

4. సబ్‌టైటిల్స్ పెట్టుకుని, మాటను చెవితో వినండి

‘డెడ్‌వుడ్’కు అభిమానులు ప్రాణం పెట్టడానికి మొదటి కారణం మాటలు. ఒకే వాక్యంలో బైబిల్ గాంభీర్యం, పచ్చి బూతు కలిసి నడుస్తాయి. వాక్యాలు పొడవుగా మెలికలు తిరుగుతూ, అసలు సంగతి ఆఖరున పడుతుంది. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా మొదటి వారం తికమకపడతారు. టెన్షన్ పడక్కర్లేదు. పౌరాణిక నాటకంలో పద్యం విన్నట్టు వినండి: మొదట రాగం, ఊపు, కోపమో వెటకారమో పట్టుకోండి, అర్థం రెండోసారి చూసుకోవచ్చు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ తప్పనిసరి. నచ్చిన సన్నివేశాన్ని వెనక్కి జరిపి మళ్లీ వినండి.

ముఖ్యంగా స్వేరింజన్‌గా ఇయన్ మెక్‌షేన్. 2005లో ఆయనకు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది ఈ పాత్రకే. చేతిలో కాఫీ కప్పుతో బాల్కనీలో నిలబడి వీధిని చూసే చూపులోనే ఊరి లెక్కలన్నీ ఉంటాయి. స్వేరింజన్‌కూ, వూ అనే చైనా వ్యాపారికీ మధ్య జరిగే సంభాషణలు కూడా వదలొద్దు. ఒకరి భాష ఒకరికి రాదు. ఒక బూతుమాట, కాగితం మీద గీసిన బొమ్మలు, చేతి సైగలు, వీటితోనే కొంపలు మునిగే వ్యవహారాలు తేల్చుకుంటారు.

5. రోజుకు ఒకటి, అంతకు మించొద్దు

చాలా ఎపిసోడ్లలో కథ సుమారుగా ఒక పగలూ రాత్రీ నడుస్తుంది. ఊళ్లోవాళ్లతో పాటు మనమూ ఒక రోజు గడిపి పడుకున్నట్టు ఉంటుంది. ఐదారు ఒకేసారి చూస్తే ఆ లయ పోతుంది.

అందరినీ గుర్తుపెట్టుకోలేకపోతే కొన్ని బంధాలు పట్టుకోండి చాలు: స్వేరింజన్–ట్రిక్సీ (అతని సెలూన్‌లో ఉండే వేశ్య), ట్రిక్సీ–సోల్ స్టార్ (బులక్ వ్యాపార భాగస్వామి), బులక్–ఆల్మా (బంగారు గని సొంతదారు)–మార్తా (బులక్ భార్య), జేన్–జోనీ (ఇంకో సెలూన్‌లో ఉండే అమ్మాయి), అందరికీ అడ్డంగా హర్స్ట్. హికాక్ స్నేహితుడు చార్లీ అటర్ అనే నెమ్మదైన మనిషి మీద కూడా ఒక కన్నేసి ఉంచండి.

చిన్న వస్తువులనూ గమనించండి. మొదటి సీజన్‌లో ఊళ్లో మశూచి వస్తుంది. ఏం చేయాలో మాట్లాడుకోవడానికి పెద్దమనుషులు స్వేరింజన్ సెలూన్‌లో కూర్చుంటారు. బల్ల మీద డబ్బా పీచ్ పండ్లు పెడతారు. అప్పటిదాకా ఒకళ్లనొకళ్లు మోసం చేసుకున్నవాళ్లు మర్యాదగా పండ్లు తింటూ ఊరి బాగోగులు మాట్లాడతారు. ప్రభుత్వం అనేది ఎలా పుడుతుందో అంత చిన్న దృశ్యంలో ఇంత బాగా చూపించడం నేను ఇంకెక్కడా చూడలేదు. అభిమానులకు ఆ పీచ్ డబ్బాలంటే ఇప్పటికీ ముద్దు.

6. మూడో సీజన్ చివర ఆగిపోండి

ఇది అన్నిటికంటే కష్టమైన మెట్టు. మూడో సీజన్ ఆఖరున హర్స్ట్ ఏ శిక్షా లేకుండా దర్జాగా ఊరు దాటి వెళ్లిపోతాడు. స్వేరింజన్ మోకాళ్ల మీద కూర్చుని నేలమీది రక్తం కడుగుతుంటాడు. అది ఎవరి రక్తమో చెప్పను. చూసినవాళ్లకు కడుపు రగిలిపోతుంది. 2006లో అభిమానులకు మిగిలింది ఆ మంటే.

నిజానికి ఆ ఎపిసోడ్‌ను ముగింపుగా రాయలేదు, నాలుగో సీజన్ ఉంటుందనుకున్నారు. ఖర్చు ఎక్కువ, హక్కుల్లో ఇంకో స్టూడియోకు వాటా ఉంది. నాలుగో సీజన్ లేదని తేలాక రెండేసి గంటల సినిమాలు రెండు తీస్తామని 2006లోనే ప్రకటించారు. అవీ రాలేదు. నటులు తలోదారీ పట్టారు. కాలిఫోర్నియాలో సిరీస్ తీసిన మెలొడీ రాంచ్‌లో తర్వాత ‘వెస్ట్‌వరల్డ్’ చిత్రీకరణ జరిగింది. 2018 నవంబరులో పాత జట్టు మళ్లీ అక్కడికే వచ్చి సినిమా మొదలుపెట్టింది.

కాబట్టి 36వ ఎపిసోడ్ అవగానే రిమోట్ పక్కన పెట్టేయండి. కనీసం రెండు మూడు నెలల గ్యాప్ ఇవ్వండి. ఏడాదైతే మరీ మంచిది. ఈలోపు వేరేవి చూడండి. మొహాలు కొద్దిగా మసకబారాలి, హర్స్ట్ మీద కోపం మాత్రం చల్లారకూడదు. అప్పుడు సినిమాలో ఆ పాత ఫ్లాష్‌బ్యాక్ ముక్కలు ఎందుకున్నాయో తెలుస్తుంది. నిన్ననే సిరీస్ పూర్తిచేసినవాళ్లకు అవి అనవసరం, విసుగు. ఏళ్లు ఆగినవాళ్లకు అవే గుండె పట్టేసే చోట్లు. అభిమానుల్లో ఈ ఫ్లాష్‌బ్యాక్‌ల గురించి ఇంత తేడా రావడానికి చాలావరకు కారణం ఇదే అని నా నమ్మకం.

7. సినిమా చూసే రోజు

కథా కాలం 1889. దక్షిణ డకోటా రాష్ట్రంగా మారిన సందర్భంగా ఊళ్లో పండగ. హర్స్ట్ ఇప్పుడు కాలిఫోర్నియా సెనేటర్, టెలిఫోన్ తీగలతో తిరిగొస్తాడు. ఆల్మా రైలు దిగుతుంది. దర్శకుడు డేనియల్ మినహాన్ కొత్తవాడు కాదు, సిరీస్‌లో కొన్ని ఎపిసోడ్లు తీసినవాడే.

చూసేముందు రెండు సంగతులు తెలిసి ఉండాలి. స్వేరింజన్‌కు పోటీ సెలూన్ యజమాని సై టాలివర్‌గా నటించిన పవర్స్ బూత్ 2017లో చనిపోయాడు, ఆ పాత్ర ఇక లేదు. రెండోది, మిల్చ్‌కు అల్జీమర్స్ వచ్చిందన్న వార్త సినిమాకు నెల ముందు, 2019 ఏప్రిల్‌లో బయటికొచ్చింది. ఆ మాటలన్నీ పుట్టించిన మనిషి జ్ఞాపకం జారిపోతుండగా రాసిన స్క్రిప్టు ఇది. పాత్రలు గతాన్ని తలుచుకునే ప్రతిచోటా అభిమానులకు ఆయనే కనిపించాడు. ఫోన్ పక్కన పెట్టి, మధ్యలో ఆపకుండా చూడండి.

8. చూశాక వాదించుకోండి (సినిమా చూడనివాళ్లు ఇక్కడ ఆగాలి)

అభిమానుల అసంతృప్తిలో న్యాయం ఉంది. నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంటూ నడిచిన కథను 110 నిమిషాల్లో పరిగెత్తించారు. భూమి వేలం, హత్య, కాల్పులు, పెళ్లి, అన్నీ వరసగా. ఊరి డాక్టరు డాక్ కాక్రన్‌కు, వూకు దక్కాల్సినంత చోటు దక్కలేదు. ‘మళ్లీ హర్స్టేనా, మూడో సీజన్ తిరగరాసినట్టుంది’ అన్నది బలమైన ఆక్షేపణ. అసలు ముగింపు లేకపోవడమే ‘డెడ్‌వుడ్’కు సరైన ముగింపు అని, సినిమా అక్కర్లేదని వాదించేవాళ్లూ ఉన్నారు.

అయినా నేను సినిమా పక్షమే. గర్భంతో ఉన్న ట్రిక్సీ బాల్కనీలోంచి హర్స్ట్ మీద అరిచే అరుపులో పదమూడేళ్ల మంట ఉంది. చార్లీ అటర్ చావుకు నిజంగా ఏడుపొస్తుంది, ఎందుకంటే ఆ మనిషి తన భూమిని అమ్మనన్నాడు, అంతే. మంచం పట్టిన స్వేరింజన్ పక్కన ట్రిక్సీ ‘పరలోకమందున్న మా తండ్రీ’ అనే ప్రార్థన చదువుతుంటే, ఆ దేవుణ్ణి అక్కడే ఉండనీయమని వాడు బూతుతో కలిపి అంటాడు. ఇన్నేళ్లూ అలా బతికినవాడు ఇంకోలా పోతే నమ్మేవాళ్లం కాదు.

ఇక మూడో మెట్టులో గుర్తుపెట్టుకోమన్న సన్నివేశం దగ్గరికి రండి. సినిమాలో బులక్ హర్స్ట్‌ను అరెస్టు చేసి వీధిలో నడిపిస్తుంటే జనం హర్స్ట్ మీద పడి కొడతారు. మొదటి ఎపిసోడ్‌లో గుంపుకు దొంగను అప్పగించని బులక్ ఇక్కడ కాసేపు అలా చూస్తూ నిలబడతాడు. మార్తా చూపు తగిలాకే వాళ్లను ఆపుతాడు. ఈ రెండు సన్నివేశాలనూ ఒకదాని వెనక ఒకటి పెట్టుకుని చూడండి. ఆ కాసేపు బులక్ ఆగడం చట్టం ఓడిపోవడమా, లేక ఆ ఊరికి బాకీ ఉన్నది కొంత తీర్చడమా? నేను రెండోదే అంటాను. నాతో కలిసి చూసిన స్నేహితుడు ఇప్పటికీ ఒప్పుకోడు.