పగ తీర్చుకునే కౌబాయ్ సినిమాకు అభిప్రాయం రాయడం ఎలా

"కథ పాతదే, క్లైమాక్స్ అదిరింది, మధ్యలో ల్యాగ్." పగ మీద నడిచే వెస్టర్న్ (కౌబాయ్) సినిమా ఏది తీసుకున్నా ప్రేక్షకుల మాటలు చాలావరకు ఈ మూడు ముక్కల దగ్గరే ఆగిపోతాయి. మొదటి ముక్కతో చదివేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. ఈ కోవ సినిమాలన్నిటికీ కథ ఒకటే: ఎవరినో చంపారు, మిగిలినవాడు గుర్రమెక్కాడు. తేడా అంతా పద్దు రాసిన తీరులో ఉంటుంది. పోయిందేమిటి, బాకీ ఎవరిది, ఎంత వసూలైంది, వసూలు చేసినవాడికి చివరికి ఏం మిగిలింది? ఈ నాలుగింటినీ సినిమా ఎలా చూపించిందో చెప్పగలిగితే మీ అభిప్రాయం పనికొస్తుంది.

చూడబోయే ముందు

ముందు నిడివి చూడండి. ఈ సినిమాలకు కత్తిరింపులు ఎక్కువ. సెర్జియో లియోనీ తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' 1968లో యూరప్‌లో 165 నిమిషాలకు పైగా ఆడింది. మరుసటి ఏడాది అమెరికాలో విడుదల చేసినప్పుడు దాన్ని 145 నిమిషాలకు కుదించారు. పొట్టి ప్రింటు చూసి "ఎవరు ఎక్కడినుంచి వచ్చారో అర్థం కాలేదు" అని రాస్తే ఆ తప్పు దర్శకుడిది కాకపోవచ్చు. మీరు చూసిన ప్రింటు ఎన్ని నిమిషాలదో మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పేయండి.

తర్వాత తెర. 1953లో సినిమాస్కోప్ వచ్చాక వెస్టర్న్‌లు చాలావరకు వెడల్పు ఫ్రేముకు మారాయి. 2.35:1 కొలతలో (వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు) తీసిన సినిమాను ఇప్పటి 16:9 తెర మీద చూస్తే పైనా కిందా నల్ల పట్టీలు రావాలి. అవి లేకుండా తెర నిండిపోయిందంటే పక్కలు కోసేశారన్నమాట. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరిలో ఒకడు ఫ్రేము బయటికి పోయిన కాల్పుల సీను చూసి కెమెరా పనితనం మీద తీర్పు చెప్పకూడదు. 1953కు ముందు వచ్చిన సినిమాలకు పట్టీలు కుడి ఎడమల ఉంటాయి, అది సహజమే.

ఇక గొంతులు. 1960లలో ఇటలీ నిర్మాతలు, స్పెయిన్‌లోని అల్మేరియా ఎడారి లాంటి చోట్ల తీసిన వెస్టర్న్‌లలో మాటలన్నీ షూటింగ్ అయ్యాక డబ్బింగ్ చేసినవే. ఒక్కో నటుడు తనకొచ్చిన భాషలో పెదవులు కదిపేవాడు. కాబట్టి ఇంగ్లీషులో చూసినా ఇటాలియన్‌లో చూసినా ఎవరో ఒకరి పెదవులు కలవవు. దాన్ని ప్రింటు లోపమనో చవకబారు పని అనో రాస్తే తెలిసినవాళ్లు అక్కడే చదవడం ఆపేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది విడుదలైన ఏడాది. హాలీవుడ్ స్టూడియోలు 1934 నుంచి గట్టిగా అమలుచేసిన ప్రొడక్షన్ కోడ్‌లో (తెర మీద ఏం చూపొచ్చో, ఏం చూపకూడదో పరిశ్రమే పెట్టుకున్న నియమావళిలో) పగ గురించి ప్రత్యేకంగా ఒక నియమం ఉండేది: ఆధునిక కాలపు కథల్లో ప్రతీకారాన్ని సమర్థించినట్టు చూపకూడదు. అనాగరికమని అప్పటివాళ్లు అనుకున్న కాలాలకు, చోట్లకు మాత్రం కొంత సడలింపు ఇచ్చారు. వెస్టర్న్ ఈ రెంటి మధ్య గట్టు మీద నడిచింది. అందుకే 1950లలోని అమెరికన్ సినిమాల్లో చాలాసార్లు పగబట్టినవాడు చివర్లో వెనక్కి తగ్గుతాడు, లేదా తాను పొరపడ్డానని తెలుసుకుంటాడు, లేదా శిక్ష వేసే పని చట్టమే చేతుల్లోకి తీసుకుంటుంది. 1958 నాటి 'ది బ్రవాడోస్'లో కథానాయకుడు తన భార్యను చంపారని నలుగురిని వేటాడతాడు. చంపింది వాళ్లు కాదని ఆలస్యంగా తెలుస్తుంది. (అరవై ఏళ్లు దాటిన గుట్టు, విప్పినా పాపం లేదు.) ఆ కోడ్ 1968లో పోయి, ఏ వయసువాళ్లు చూడొచ్చో చెప్పే రేటింగ్ పద్ధతి వచ్చింది. ఇటలీవాళ్లకు అది మొదటినుంచీ లేదు. ఈ సంగతి తెలియకుండా 1955 సినిమా చూసి "చివర్లో మెత్తబడిపోయాడు" అనడం, 1970 సినిమా చూసి "నీతి లేదు" అనడం రెండూ గురి తప్పిన మాటలే. మెత్తబడటం ఆ మనిషి స్వభావంలోంచి వచ్చిందా, పైనుంచి అతికించినట్టుందా అన్నది అడగాల్సిన ప్రశ్న.

చూస్తున్నప్పుడు

ఒక కాగితం మీద నాలుగు సమయాలు రాసుకోండి: అన్యాయం తెర మీద కనిపించిన నిమిషం, మొదటి వసూలు (అంటే పగకు బలైన మొదటి మనిషి), కథానాయకుడికి మొదటిసారి సందేహం కలిగిన చోటు, అసలు విలన్ ఎదురుపడ్డ చోటు. అన్యాయాన్ని మొదటి పది నిమిషాల్లో చూపిస్తే ప్రేక్షకుడు కథానాయకుడి పక్కన నిలబడి చూస్తాడు. చివరిదాకా దాచిపెడితే అతన్ని అనుమానిస్తూ చూస్తాడు. రెండూ మంచి పద్ధతులే. కానీ దాచిపెట్టినప్పుడు చివర్లో బయటపడే కారణం అప్పటిదాకా చూసిన చావులన్నిటి బరువునూ మోయగలగాలి. మోయలేకపోతే ఆ మాట నేరుగా రాయండి.

నష్టాన్ని సినిమా ఎలా కొలిచిందో గమనించడానికి క్లింట్ ఈస్ట్‌వుడ్ 1992లో తీసిన 'అన్‌ఫర్గివెన్' మంచి పాఠం. ఒక వేశ్య ముఖాన్ని కత్తితో కోస్తారు. షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) విధించే జరిమానా గుర్రాల రూపంలో సెలూన్ (సారాయి దుకాణం) యజమానికి దక్కుతుంది, గాయపడ్డ మనిషికి కాదు. మిగతా ఆడవాళ్లు తమ డబ్బు పోగేసి, ఆ దాడి చేసినవాళ్లను చంపినవాడికి 1,000 డాలర్ల బహుమతి ప్రకటిస్తారు. ఆ కబురు ఊళ్లు దాటేకొద్దీ గాయం పెరుగుతుంది. జరగని కోతలు కూడా చేరతాయి. తీరా మొదట చచ్చేవాడు, ఆ దాడిలో ఉన్న ఇద్దరిలో తక్కువ తప్పు చేసినవాడు. బాకీకీ వసూలుకీ మధ్య తేడాయే ఈ సినిమాకు ఆయువుపట్టు. దాన్ని పట్టుకోకుండా వర్షంలో తీసిన చివరి సీను గురించి ఎంత రాసినా అది సగం అభిప్రాయమే.

పగబట్టినవాడి జాబితాలో నలుగురైదుగురు ఉంటే సినిమా కుంగేది నడుమనే. "సాగదీశాడు" అని రాయాలనిపించినప్పుడు ఒక పరీక్ష పెట్టండి. ఒక్కో చావు తర్వాత ఏదైనా మారిందా? కొత్త సంగతి తెలిసిందా, వేటగాడు ఏదైనా పోగొట్టుకున్నాడా, మిగిలినవాళ్లు జాగ్రత్తపడ్డారా? రెండో చావునూ మూడో చావునూ అటుదిటు చేసినా కథకు తేడా రాదంటే అది సాగదీతే. మారిందంటే నెమ్మదిగా నడిచినా సాగదీత కాదు.

కాల్పులకు ముందు నిరీక్షణకూ ఇలాంటి పరీక్షే. 1965 నాటి 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్'లో జేబు గడియారంలోని పాట ఆగగానే తుపాకీ తీయాలన్నది నియమం. పాట వేగం తగ్గుతుంటే ప్రేక్షకుడికి లెక్క తెలుస్తూనే ఉంటుంది, అందుకే ఊపిరి బిగపట్టుకుంటాడు. ఇలాంటి కొలమానం ఏదీ ఇవ్వకుండా కళ్లు, చేతులు, బూట్లు మార్చి మార్చి చూపిస్తే అది ఉత్త అనుకరణ. నిరీక్షణ ఎన్ని సెకన్లు సాగిందన్నదానికంటే ఆ సెకన్లలో ఏం తెలిసిందన్నది చూడండి.

తుపాకులు, చట్టం

తప్పులు పట్టడం సరదాగానే ఉంటుంది, అయితే అన్ని తప్పులకూ ఒకే విలువ లేదు. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్ 1873లో వచ్చింది. ఆరు గుండ్లు పడతాయి. తుపాకీ సుత్తి (హ్యామర్) కింద గుండు ఉంటే దెబ్బ తగిలి పేలే ప్రమాదం ఉంది కాబట్టి తెలిసినవాళ్లు ఐదే నింపి ఆరో గదిని ఖాళీగా ఉంచేవాళ్లు. మళ్లీ నింపాలంటే పక్కనున్న చిన్న తలుపు తెరిచి ఒక్కో ఖాళీ తొడుగునూ తోసేసి, ఒక్కో గుండూ పెట్టాలి. అందుకే ఏడో గుండు పేలితే లెక్కపెట్టేవాళ్లు నవ్వుతారు. ఆ ఏడో గుండే కథానాయకుడి ప్రాణం కాపాడితే తప్పకుండా రాయండి, ఎందుకంటే అక్కడ పద్దే తప్పింది. గుంపు మీద కాల్పుల్లో ఎక్కడో ఒకటి ఎక్కువ పేలితే వదిలేయండి. 1861-65 అమెరికా అంతర్యుద్ధం నాటి కథలో డైనమైట్ కనిపించడం కూడా ఇలాంటిదే. దానికి ఆల్ఫ్రెడ్ నోబెల్ పేటెంట్ తీసుకున్నది 1867లో. ఒక్క వాక్యంతో సరిపెట్టొచ్చు.

చట్టం సంగతి అలా తేల్చేయకూడదు. "పోలీసులకు చెప్పొచ్చు కదా" అన్న ప్రశ్నకు సినిమా జవాబు చెప్పకపోతే పగే డొల్లగా మారుతుంది. షెరీఫ్ కౌంటీకి ఎన్నికైన మనిషి, అధికారం ఆ గీతలోపలే. పట్టణ మార్షల్‌ది ఊరివరకే. అమెరికా మార్షల్‌, అతని డిప్యూటీలు ఫెడరల్ మనుషులు. 'ట్రూ గ్రిట్'లో తండ్రిని పోగొట్టుకున్న పద్నాలుగేళ్ల పిల్ల డిప్యూటీ మార్షల్‌ను డబ్బిచ్చి మరీ కుదుర్చుకోవడానికి కారణం ఇదే: హంతకుడు ఇండియన్ టెరిటరీలోకి (అమెరికాలో ఆదివాసులకు కేటాయించిన ప్రాంతంలోకి) పారిపోయాడు, స్థానిక షెరీఫ్ అక్కడ అడుగుపెట్టలేడు. మీరు చూసిన సినిమాలో చట్టం అమ్ముడుపోయిందా, చేతగానిదా, దూరాన ఉందా, అసలు ఎవరికీ గుర్తే రాలేదా? ఒక వాక్యంలో చెప్పండి.

చనిపోయిన భార్య గురించీ ఇదే రకంగా చూడాలి. ఆమెకు పేరుందా, ఎన్ని మాటలు మాట్లాడింది, ఫ్లాష్‌బ్యాక్‌లో నవ్వడం తప్ప ఏమైనా చేసిందా అని లెక్కపెట్టండి. ఆదివాసులనూ మెక్సికన్లనూ గుంపుగా చంపించి ఒక్కరికీ ముఖం ఇవ్వని సినిమాలు బోలెడు. "ఆ కాలం అలాంటిది" అని దాటేయకుండా, ఏ సీనులో ఎలా చూపించారో రాస్తే చాలు. మిగతాది చదివేవాళ్లు తేల్చుకుంటారు.

రాసేటప్పుడు

చూసిన రాత్రే రాయకండి. చివరి పది నిమిషాల సంగీతం మొత్తం సినిమా మీద రంగు పూసేస్తుంది. మర్నాటికి ఏ సీను గుర్తుందో దానితో మొదలుపెట్టండి. 250 నుంచి 300 పదాలు చాలు. కథ రెండు వాక్యాలు దాటకూడదు.

ఎంతవరకు విప్పొచ్చు అనేదానికి తేలికైన కొలత ఉంది. మొదటి పావుభాగంలో సినిమా తానే చెప్పినదాన్ని మీరూ చెప్పొచ్చు. దాచిపెట్టిన కారణం, చివర్లో బతికేదెవరు అన్నవి మాత్రం ముందుగా హెచ్చరించి వేరే పేరాలో పెట్టండి.

"విలన్ వీక్, బీజీఎం సూపర్" లాంటి వాక్యం దొర్లితే దాన్ని విడదీసి రాయండి: "విలన్ గంట దాటాక గానీ కనిపించడు. అప్పటిదాకా అతని గురించి విన్నదంతా భయపెడుతుంది. కనిపించాక మాత్రం తాగి అరవడం తప్ప చేసేదేమీ లేదు. అందుకే ఆఖరి గెలుపు తేలిగ్గా అనిపించింది." ఇది చదివినవాళ్లు మీతో విభేదించగలరు, ఎందుకంటే ఏ సీను చూసుకోవాలో వాళ్లకు తెలుస్తుంది. సంగీతం గురించి కూడా అంతే. ఏ మనిషికి ఏ వాయిద్యం కేటాయించారు, అది ఎప్పుడు ఆగిపోయింది అన్నది "సూపర్" కంటే ఎక్కువ చెబుతుంది.

రేటింగ్ ఇవ్వాలనుకుంటే చివర్లో ఇవ్వండి, ఎందుకు తగ్గించారో ఒక కారణం జతచేయండి. కథానాయకుడు నచ్చలేదని మార్కులు కోసేముందు ఒకసారి ఆగండి. అతను నచ్చకూడదనే సినిమా ఉద్దేశమైతే, అక్కడ పోయింది సినిమా మార్కులు కాదు.

తర్వాతెప్పుడో పొడుగు ప్రింటు దొరికి మళ్లీ చూస్తే పాత అభిప్రాయాన్ని చెరిపేయకండి. కిందనే రెండో ప్రింటు నిమిషాలు వేసి, కొత్తగా చేరిన సీన్లు ఏవో, వాటివల్ల లెక్క ఎక్కడ మారిందో రాయండి.