ల్యాబ్ బ్రౌజర్లు, 4వ పాఠం: ఫైలు పెట్టినా ఫైర్‌ఫాక్స్ వినలేదంటే

ఈ వారం ఆటోప్లే (వీడియోలు వాటంతటవే ఆడటం) గురించి చెప్పాల్సింది. వచ్చే వారం చూద్దాం. 3వ పాఠం చేసినవాళ్లు దారిలో ఆగిపోయారు, ముందు అది తేలాలి. ఆ పాఠంలో పాలిసీస్ డాట్ జేసన్ అనే ఫైలు పెట్టమన్నాను. అది ఫైర్‌ఫాక్స్‌కు నియమాలు చెప్పే పాలిసీ ఫైలు. తాళం వేసిన సినిమా వీడియోలను ఆడించే వైడ్‌వైన్ అనే ప్లగిన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ముక్క) దిగకుండా ఆపడానికి దాన్ని పెట్టమన్నాను.

కొరుక్కుపేట నుంచి ఒక టీచరు ఫోన్ చేశారు. "సార్, మీరు రాసినట్టే ఫైలు పెట్టాను. పిల్లలు సినిమా సైటు తెరిచారు, పైన ఏదో పట్టీ వచ్చింది, నొక్కారు, వైడ్‌వైన్ దిగిపోయింది." పెరంబూరు మాస్టారి ల్యాబులో అయితే ఏ మార్పూ లేదు. ఇవి రెండూ వేరు వేరు తప్పులు.

మొదటిది నాది. ఆ ఫైలులో ఎన్‌క్రిప్టెడ్ మీడియా ఎక్స్‌టెన్షన్స్ (తాళం వేసిన వీడియోల సంగతి చూసే నియమం) కింద ఎనేబుల్డ్‌ను ఫాల్స్ చేయమన్నాను, లాక్డ్‌ను ట్రూ చేయమని చెప్పలేదు. ఎనేబుల్డ్ ఒక్కటే ఫాల్స్ అయితే ఫైర్‌ఫాక్స్ తనంతట తాను వైడ్‌వైన్‌ను దించుకోదు గానీ, ఎదురుగా కూర్చున్నవాళ్లను అడుగుతుంది. పిల్లలు సరే అంటారు. లాక్డ్ కూడా ట్రూ అయితే అడగడమే ఉండదు. ట్రూ, ఫాల్స్‌లకు కొటేషన్ గుర్తులు పెట్టకండి. యూట్యూబ్‌లో మామూలు పాఠాల వీడియోలకు వైడ్‌వైన్ అక్కర్లేదు కాబట్టి, బడి కంప్యూటర్లో అది వద్దనే నేనంటాను. ప్లగిన్స్ జాబితాలో దాని పక్కనే కనిపించే ఓపెన్‌హెచ్264 సిస్కో కంపెనీది, వీడియో కాల్స్‌కు పనికొస్తుంది. దాన్ని ఉండనివ్వండి.

"యాడాన్స్ పేజీలో ప్లగిన్స్ కింద ఆపేస్తే చాలదా?" అని ఇద్దరు అడిగారు. చాలదు. ఈ రెండు ప్లగిన్లూ ప్రతి ప్రొఫైల్‌లో (ఒక్కో లాగిన్‌కు ఫైర్‌ఫాక్స్ విడిగా దాచుకునే సెట్టింగుల మూట) విడివిడిగా దిగుతాయి. తరగతికొక లాగిన్ ఉన్న కంప్యూటర్లో మీరు ఆపింది మీ లాగిన్‌లోనే. పాలిసీ ఫైలు మాత్రం కంప్యూటర్ మొత్తానికీ వర్తిస్తుంది.

ఇక పెరంబూరు సంగతి. అక్కడ ఫైలు పేరు పాలిసీస్ డాట్ జేసన్ డాట్ టెక్స్ట్. తెర మీద కనబడేది మాత్రం పాలిసీస్ డాట్ జేసన్ వరకే! తెలిసిన ఫైలు రకాల చివరి ముక్కను విండోస్ మొదటినుంచీ దాచిపెడుతుంది. నోట్‌ప్యాడ్ ఏమో సేవ్ చేసేటప్పుడు అడగకుండా డాట్ టెక్స్ట్ తగిలిస్తుంది. ఈ రెండూ కలిసి ఎంతమంది మాస్టార్ల సాయంత్రాలు తినేశాయో! కాబట్టి ముందు ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకు వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కు టిక్ పెట్టండి. ఇది పిల్లల లాగిన్‌లో కాదు, మీ అడ్మిన్ లాగిన్‌లో. తర్వాత సేవ్ యాజ్‌లో టైప్ దగ్గర ఆల్ ఫైల్స్ ఎంచుకోండి. నేనైతే పేరునే కొటేషన్ గుర్తుల మధ్య టైప్ చేస్తాను, అప్పుడు నోట్‌ప్యాడ్ ఏమీ తగిలించదు. ఫైలును ముందు డెస్క్‌టాప్ మీద సేవ్ చేసి, ఆ తర్వాత ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని మొజిల్లా ఫైర్‌ఫాక్స్ ఫోల్డర్‌లో డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. ఆ ఫోల్డర్ లేకపోతే మీరే సృష్టించాలి. ఐకాన్ చూసి నమ్మకండి, పేరు చివరిదాకా చదవండి.

వర్డ్‌లో టైప్ చేసి తెచ్చిన ఫైలుది ఇంకో జబ్బు: కొటేషన్ గుర్తులు వంకర తిరుగుతాయి. జేసన్‌కు, అంటే ఈ ఫైలు రాసే పద్ధతికి, నిటారు గుర్తులే కావాలి. వర్డ్‌ను ఈ పనికి వాడకండి.

ఫైర్‌ఫాక్స్ కిటికీలన్నీ మూసి మళ్లీ తెరిచి, అడ్రస్ గడిలో ఎబౌట్, కోలన్, పాలిసీస్ అని కొట్టండి. యాక్టివ్ కింద మీ వరుసలు కనబడితే ఫైలు చదివినట్టే. పాలిసీలు ఇనాక్టివ్ అని వస్తే ముందు ఫైలు పేరు, చోటు చూడండి. ఎర్రర్స్ అని వస్తే ఫైలు దొరికింది, లోపల రాత తప్పు.

పాత సీడీల్లోని ఫ్లాష్ (అడోబీ వారి పాతకాలపు బొమ్మల, ఆటల పద్ధతి) పాఠాల కోసం ఒకరు పాత బ్రౌజర్, పాత ప్లేయర్ వెతికి పెట్టారట. దయచేసి తీసేయండి. అడోబీ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ పాఠాలను ఆడనివ్వకుండా చేసింది. భద్రతా సవరణలు రాని ప్లేయర్‌ను పిల్లలు కూర్చునే కంప్యూటర్లో ఉంచకూడదు. ఫ్లాష్ ప్లేయర్ లేకుండానే ఫ్లాష్ ఫైళ్లను ఆడించే రఫిల్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఒక్కటి పెట్టి ఆ ఫైళ్లను దాంతో తెరవండి. కొన్ని ఆడకపోవచ్చు, చాలావరకు ఆడతాయి.

అభ్యాసం: ల్యాబులోని ప్రతి కంప్యూటర్లో, ఒకటి రెండు కాదు, విద్యార్థి లాగిన్‌తోనే ఎబౌట్ పాలిసీస్ తెరిచి చూసి, కంప్యూటర్ నంబరు పక్కన కాగితం మీద రాయండి. తర్వాత ఒకదానిలో కావాలనే ఒక కామా తీసేసి, వచ్చిన ఎర్రర్‌ను అక్షరం వదలకుండా రాసుకుని, ఫైలు సరిచేయండి. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఆటోప్లే పాఠానికి కూర్చోండి.