హత్య శిక్ష మీద అప్పీలు: 302ను 304కి తగ్గించమని అడిగేటప్పుడు

గుంటూరు సెషన్స్ కోర్టు ఐపీసీ 302 (హత్య) కింద యావజ్జీవం వేస్తే, నేలపాడు హైకోర్టులో మొదటి వాదన నిర్దోషి అని. అది నిలవకపోతే, ఇది హత్య కిందికి రాదు, 304 (హత్య కాని నరహత్య) కిందికి వస్తుందని. ఈ రెండోదాన్ని చాలామంది అప్పీలు గ్రౌండ్స్ (కారణాలు) చివర ఒక్క వాక్యంలో సరిపెట్టేస్తారు. కేసు బలహీనపడేది అక్కడే.

అమెరికాలో చిన్న నేరం సంగతి జడ్జి జ్యూరీకి చెప్పాడా లేదా అన్నది పైకోర్టు చూస్తుంది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీ లేదు కాబట్టి మనకు తీర్పే ఆధారం. హత్యను నిర్వచించే ఐపీసీ 300లోని మినహాయింపులను జడ్జి ఏ పేరాలో పరిశీలించారు? అసలు పరిశీలించారా? ముందు అది పట్టుకోండి. 304కి ఛార్జి పెట్టలేదని ప్రాసిక్యూషన్ అంటే ఆ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 222 చూపండి. బీఎన్‌ఎస్‌ఎస్‌లో (ఆ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) అది 245. పెద్ద నేరంలో ఇమిడిన చిన్న నేరానికి వేరే ఛార్జి అక్కర్లేదు. 304-బి (వరకట్న మరణం) మాత్రం ఇలా రాదు. దాని అంశాలే వేరని 2001లో శామన్‌సాహెబ్ ముల్తానీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

అసలు పని పోస్టుమార్టం రిపోర్టు దగ్గర. ఒక్కో గాయానికీ ఎదురుగా రాసుకోండి: శరీరంలో ఎక్కడ, ఎంత లోతు, ఏ ఆయుధంతో, ఎన్నో దెబ్బ. ఆయుధం వెంట తెచ్చుకున్నదా, అక్కడ చేతికందిందా? గాయం సహజక్రమంలో చావుకు సరిపోతుందని డాక్టరు సాక్ష్యంలో చెప్పారా, లేక రిపోర్టులోని మరణ కారణం చదివి ఊరుకున్నారా? ఈ తేడా మీదే తీర్పులు మారతాయి.

‘దెబ్బలన్నీ కాళ్ల మీద, చేతుల మీదే కదా’ అన్న ఒక్క మాట మీద ఆధారపడొద్దు. రొంపిచర్ల గ్రామానికి చెందిన రాయవరపు పున్నయ్య కేసులో 19 గాయాలు, ఎక్కువ భాగం కాళ్లూ చేతుల మీదే. హైకోర్టు 304లో తక్కువ శిక్ష ఉన్న రెండో భాగానికి తగ్గిస్తే, 1976లో సుప్రీంకోర్టు మళ్లీ 302నే నిలబెట్టింది. ఆ గాయాలు కావాలని చేసినవే, అన్నీ కలిసి ప్రాణం తీయడానికి చాలు అన్నది కారణం.

300లోని నాలుగో మినహాయింపుకి అప్పటికప్పుడు రేగిన కొట్లాట ఒక్కటే చాలదు. ముందస్తు పథకం ఉండకూడదు, ఆవేశం చల్లారకముందే జరిగి ఉండాలి, అవతలివాడి నిస్సహాయతను వాడుకుని ఉండకూడదు, క్రూరంగా ప్రవర్తించి ఉండకూడదు. తగాదా ఆగాక ఇంటికెళ్లి కత్తి తెచ్చినట్టు సాక్ష్యం ఉంటే ఈ వాదన సాధారణంగా నిలవదు.

304లో ముందు రెండో భాగం అడగండి, అది కాకపోతే మొదటి భాగం. తెలిసి చేసినదే తప్ప ఉద్దేశం లేదంటే రెండో భాగం, గరిష్ఠంగా పదేళ్లు. ఉద్దేశం ఉంటే మొదటి భాగం, యావజ్జీవం దాకా పోవచ్చు. నేరం 2024 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ జరిగితే బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 105 వర్తిస్తుంది. అందులో మొదటి భాగానికి జైలు కనీసం ఐదేళ్లు.

అప్పీలు గడువు 60 రోజులు, మరణశిక్షయితే 30. తీర్పు కాపీ కోసం పట్టిన రోజులు లెక్కలోంచి మినహాయిస్తారు. ముద్దాయి జైల్లో ఉంటే సూపరింటెండెంట్ ద్వారా కూడా దాఖలు చేయొచ్చు. వాదన రోజుకు జైలు నుంచి కస్టడీ సర్టిఫికెట్ (ఎన్నాళ్లు జైల్లో ఉన్నాడో చెప్పే కాగితం) తెప్పించుకోండి. సెక్షన్ మారితే, ఇప్పటిదాకా గడిపిన శిక్ష చాలని అడగడానికి ఆ కాగితం చేతిలో ఉండాలి.