ఆన్‌లైన్ క్లాసులు, స్క్రైబు, ఎక్స్‌ట్రా టైము: కాలేజీని ఎలా అడగాలి

దివ్యాంగ విద్యార్థికి కాలేజీలో సౌకర్యాలు కావాలంటే, ముందే చెప్తున్నా, సార్‌కి ఫోన్ చేసి బతిమాలితే పని కాదు, కాగితం పెట్టాలి. ఈ ముక్క మాకు 2020లో మూడు వారాలు పోగొట్టుకున్నాక అర్థమైంది.

మా తమ్ముడికి చూపు బాగా తక్కువ. లాక్‌డౌన్‌లో హాస్టల్ ఖాళీ చేయిస్తే దేవరకొండ అవతల మా ఊరికి వచ్చేశాడు. సార్లు చేత్తో రాసిన నోట్సుకు ఫోటోలు తీసి, పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో పడేసేవాళ్లు. వీడు టాక్‌బ్యాక్ (ఫోను తెర మీది అక్షరాలు పైకి చదివే స్క్రీన్ రీడర్) ఆన్ చేసి ఫైలు తెరిస్తే ఫోను పేజీ నంబరు చదివి ఊరుకునేది, ఎందుకంటే అందులో ఉన్నది అక్షరాలు కాదు, అక్షరాల ఫోటో. రాత్రి అన్నాలయ్యాక నేను చదివి వినిపించేవాణ్ని, అదీ కరెంటు ఉంటే. కాలేజీకి ఫోన్ చేస్తే "చూద్దాంలే బాబూ, ఇప్పుడు అందరికీ కష్టమే కదా" అన్నారు.

అందరికీ కష్టమే, నిజమే. కానీ దివ్యాంగుల హక్కుల చట్టం 2016 కరోనాకి సెలవు పెట్టలేదు. ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న విద్యాసంస్థల్లో ఒక్కో విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన సౌకర్యం కల్పించేలా చూడాలని 16వ సెక్షన్ చెప్తుంది. పరీక్షకు ఎక్కువ సమయం, స్క్రైబు (మనం చెప్తుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి) సంగతి 17లో ఉంది. విపత్తు సమయాల్లో దివ్యాంగులకు సమాన రక్షణ ఉండాలని 8వ సెక్షన్. ఒక్క మెలిక ఉంది, సంస్థ మీద మోయలేని భారం పడేలా ఉంటే ఆ సౌకర్యం ఇవ్వనక్కర్లేదు. నోట్సు టైపు చేసి పంపడం మోయలేని భారమా అని మీరే అడగండి.

దరఖాస్తులో "మా పరిస్థితి అర్థం చేసుకోగలరని ప్రార్థన" లాంటివి తగ్గించండి. ఏం కావాలో విడమరిచి రాయండి. మేం రాసింది దాదాపు ఇలా ఉంది: "నాకు దృష్టి లోపం ఉంది, సదరం సర్టిఫికెట్ జత చేశాను. ఫోటో నోట్సును స్క్రీన్ రీడర్ చదవలేదు. నోట్సును టైపు చేసిన ఫైలుగా, క్లాసుకు ఒక రోజు ముందు ఇవ్వాలి. బోర్డు మీద రాసేది సార్ పైకి చదవాలి. పరీక్షకు స్క్రైబు, అదనపు సమయం కావాలి. 2016 చట్టం 16, 17 సెక్షన్ల కింద అడుగుతున్నాను. జవాబు రాతపూర్వకంగా ఇవ్వగలరు." అంతే, ఒక పేజీ దాటలేదు. సదరం అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ సర్టిఫికెట్. వినికిడి సమస్య ఉన్నవాళ్లయితే క్యాప్షన్లు (మాటలు తెర మీద అక్షరాలుగా) అడగండి, పెదాల కదలిక చూసి అర్థం చేసుకునేవాళ్లు టీచరు మాస్కు గురించి కూడా రాయండి. అమ్రాబాద్ లాంటి అడవి వైపు సిగ్నల్ అందనివాళ్లు రికార్డు చేసిన పాఠం అడగొచ్చు.

కాగితం ఇచ్చాక ఇన్‌వర్డ్ నంబరు (ఆఫీసుకు వచ్చిన కాగితాల రిజిస్టరు నంబరు) వేయించుకుని, మీ కాపీ మీద స్టాంపు కొట్టించుకోండి. ఆఫీసు మూసి ఉంటే మెయిల్ పెట్టి, అదే స్పీడ్‌పోస్టులో కూడా పంపండి. పోస్టు రసీదు పారేయకండి, మాకు తర్వాత పనికొచ్చింది అదే.

పరీక్షల సంగతి కొంచెం నిదానంగా చూడండి, గొడవలన్నీ ఇక్కడే. 2018 ఆగస్టు 29 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. అప్పట్లో స్క్రైబును మనమే తెచ్చుకునే వీలుండేది, లేదా వాళ్లనే ఇవ్వమని అడిగే వీలుండేది. మనం తెచ్చుకుంటే ఆ మనిషి చదువు మనకన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలనేవాళ్లు, డిగ్రీ వాడికి ఇంటర్ వాళ్లన్నమాట. మా తమ్ముడికి మేనత్త కూతురు రాసింది. ఇవి అప్పటి నిబంధనలు, తర్వాత మారాయి, ఇప్పుడు ఏవి నడుస్తున్నాయో ఎగ్జామ్ బ్రాంచ్‌లో కనుక్కోండి.

ఇక "నీకు 40 శాతం వైకల్యం లేదు, స్క్రైబు రాదు" అంటే తల ఊపి వచ్చేయకండి. 2021 ఫిబ్రవరి 11న వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్క్రైబుకు 40 శాతం ఉండి తీరాలన్న వాదన ఒప్పుకోలేదు. ఆ అబ్బాయికి రాసేటప్పుడు చెయ్యి పట్టేసే సమస్య. మన మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు కీళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఎంతమందో, చట్టం జాబితాలోని 21 వైకల్యాల్లో ఫ్లోరోసిస్ పేరు లేదు, కాబట్టి రాయడానికి ఎందుకు ఇబ్బందో డాక్టరుతో స్పష్టంగా రాయించుకోండి. 40 శాతం లోపు వాళ్ల కోసం 2022 ఆగస్టులో కేంద్రం వేరే మార్గదర్శకాలే ఇచ్చింది.

కాలేజీ పలక్కపోతే? కాలేజీలో ఫిర్యాదులు చూసే అధికారి ఉంటే ముందు అక్కడ కాగితం పెట్టండి.  అక్కడా తేలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్, మన తెలంగాణలో అయితే ఫిర్యాదు హైదరాబాద్‌కు పంపాలి. కమిషనర్ సిఫార్సు చేస్తే ఏం చర్య తీసుకున్నారో సదరు సంస్థ మూడు నెలల్లో చెప్పాలి. పరీక్ష పది రోజుల్లో ఉంటే ఈ మూడు నెలలు ఏ మూలకూ చాలవు, అప్పుడు లాయరును పట్టుకుని హైకోర్టుకే పోవాలి. అందుకే సెమిస్టర్ మొదట్లోనే కాగితం పెట్టమంటున్నా.

మా కాగితం వెళ్లిన తొమ్మిదో రోజు నుంచి నోట్సు టైపు చేసి రావడం మొదలైంది. ఒక్క సార్ మాత్రం ఆఖరి దాకా ఫోటోలే పెట్టాడు, ఆ పేపరు నేనే చదివి వినిపించాను.