చెరువు బాగుచేద్దామనుకుంటే ముందు ఏ పని పట్టాలి?

ఊరి చెరువు కోసం నలుగురు కూర్చుంటే చాలు, జాబితా పెరిగిపోతుంది: పూడిక తీయాలి, మొక్కలు నాటాలి, చేపపిల్లలు వదలాలి, కట్ట మీద బెంచీలు వేయాలి (ఈ బెంచీల పిచ్చి ఎందుకో తెలీదు). అన్నీ ఒకేసారి పెట్టుకోకండి. ఉన్న మనుషులు, డబ్బు, వానలకు ముందున్న టైం చూసుకుని ఒకటి, మహా అయితే రెండు పనులు పట్టుకోండి.

ఏది చేయకపోతే మిగతావన్నీ దండగో, అదే ముందు. నీళ్లు తెచ్చే కాలువ పూడిపోతే ఎంత తవ్వినా గొయ్యే మిగులుతుంది. అందుకే పెద్ద వాన వెలిసిన వెంటనే, ఊళ్లో నీరటి (చెరువు నీళ్లు పొలాలకు పంచే మనిషి) ఉంటే ఆయన్ని వెంటబెట్టుకుని, కాలువ పైనుంచి కిందిదాకా నడవండి, నీళ్లు ఎక్కడ ఆగి పక్క చేలోకి మళ్లుతున్నాయో, ఎవరు మట్టి పోసి పూడ్చారో అప్పుడే కనిపిస్తుంది. తర్వాత తూము (పొలాలకు నీళ్లు వదిలే దారి), అలుగు (చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు) చూడండి.

నీళ్ల మీద పరుచుకునే కలుపు మొక్క గుర్రపుడెక్క సంగతి వేరు. ఊరి మురుగు చెరువులో కలుస్తున్నంత కాలం ఎన్నిసార్లు పీకినా మళ్లీ వస్తుంది, కాబట్టి మురుగు మళ్లించాకే దాని జోలికి వెళ్లండి.

పూడికే మీ మొదటి పని అని తేలితే, తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల బాగుచేత పథకం మిషన్ కాకతీయలో చేసినట్టు, మట్టిని రైతులే తమ ఖర్చుతో పొలాలకు తోలుకునేలా ముందే మాట్లాడుకోండి.